బోణీ అయ్యేదాకా

మా నాన్న కామెర్లు ముదిరి చనిపోయిన ఏడాది మేము మదనపల్లెలో అద్దె ఇల్లు ఖాళీ చేసి పుంగనూరికి వచ్చేశాం. అమ్మమ్మ చనిపోయాక తాళం వేసి ఉన్న ఇల్లు అది. ముందొక గది, వెనక వంటిల్లు, మధ్యలో వానొస్తే కారే రేకుల వసారా. అప్పుడు నేను ఆరో తరగతి. నాన్న మదనపల్లెలో ఒక ప్రభుత్వ ఆఫీసులో జీపు డ్రైవరుగా ఉండేవాడు. ఆయన పోయాక అదే ఆఫీసులో అమ్మకు అటెండరు ఉద్యోగం ఇచ్చారు. ఆఫీసర్లు రాకముందే గదులు తెరిచి, ఊడ్చి, తాగే నీళ్లు నింపి పెట్టాలి. అందుకని అమ్మ తెల్లవారగానే బస్సు పట్టుకునేది. ఆ బస్సు తిప్పలు పడే బదులు మదనపల్లెలోనే ఉండొచ్చు కదా అన్నారు కొందరు. అద్దె లేని ఇల్లు ఇక్కడుంటే అక్కడెలా ఉంటాం? పైగా పుంగనూరులో అది అమ్మ పుట్టి పెరిగిన వీధి. అందరూ తనవాళ్లేనని ఆమె ధైర్యం.

వీధి మొదట్లో ఒక అంగడి ఉండేది. బియ్యం, బ్యాళ్లు, నూనె, సబ్బులు, పొద్దున పూట పాల ప్యాకెట్లు. అంగడాయన అమ్మను లంగా ఓణీల వయసు నుంచీ ఎరుగును. అమ్మ పెళ్లికి కావలసిన సరుకులన్నీ తానే ఎంచి, తానే సంచులకెత్తి ఇంటికి పంపాడట. నాన్న ఉన్న రోజుల్లో మేము సెలవులకు వస్తే గల్లా మీది నుంచి లేచి నిలబడేవాడు. "మన ఈది ఆడబిడ్డ వచ్చిండాది" అని అంగట్లో ఉన్నవాళ్లకు చెప్పి, సీసా మూత తీసి నా చేతిలో శనక్కాయల ఉండ పెట్టేవాడు. అమ్మ ఆయన్ని అన్నా అనేది.

మేము కాపురానికి వచ్చిన తర్వాత మొదటిసారి ఆ అంగడికి పోయింది ఒక పొద్దున. నేనూ అమ్మ వెంట పోయాను. ఆయన పలకల తలుపు ఒక్కొక్క పలకే తీసి గోడకు ఆనిస్తున్నాడు. పాల ప్యాకెట్ల ట్రే గడప పక్కనే ఉంది. అమ్మ నుదుట బొట్టు లేదు. అంతకు మించి ఆమెలో మారిందేమీ నాకు కనబడలేదు.

"అన్నా, ఒక పాల ప్యాకెట్టు ఇయ్యన్నా. బస్సుకు టైమయితాంది" అంది అమ్మ.

ఆయన తలెత్తలేదు. "ఉండు, ఉండు. ఇప్పుడే గదా తీస్తాండేది."

పలకలన్నీ తీశాడు. పొరక తీసుకుని గడప ఊడ్చాడు. నీళ్లు చల్లాడు. ఊదుబత్తి వెలిగించి దేవుడి పటానికి, తక్కెడకు, గల్లాపెట్టెకు చూపించాడు. పూజ అయ్యేదాకా ఆగాలి కాబోలని అమ్మ చేతిలో డబ్బులు పట్టుకుని నిలబడింది. పూజ అయింది. ఆయన వెనక్కి తిరిగి సబ్బులు సర్దడం మొదలుపెట్టాడు. అవి సర్దే ఉన్నాయి. ఒక్కొక్క సబ్బూ తీసి, మళ్లీ అక్కడే పెడుతున్నాడు.

"అన్నా..."

"యాలమ్మా అంత తొందర? ఆ పక్కన నిలబడు. ఎదురుగా నిలబడొద్దు."

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. అమ్మ నన్ను పట్టుకుని అంగడి గోడ పక్కకు జరిగింది. కాసేపటికి సైకిలు మీద ఎవరో వచ్చి బీడీకట్ట అడిగాడు. అంగడాయన గబగబా ఇచ్చాడు. అతనిచ్చిన డబ్బును రెండు కళ్లకూ అద్దుకుని, తక్కెడకు తాకించి, గల్లాలో వేశాడు. అప్పుడు మావైపు తిరిగాడు. ముఖం మళ్లీ పాత ముఖమే అయింది.

"ఊ, సెప్పు తల్లీ. ఏం కావల్ల?"

అమ్మ ప్యాకెట్టు తీసుకుంది. ఇంటికొచ్చి కాచి నాకిచ్చింది. తాను కాఫీ కలుపుకోలేదు. "ఆయన యాలమ్మా మనకు ముందు ఇయ్యలేదు?" అని అడిగాను. "ఆయనకు పనుండాది గదా" అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. అప్పటికి అమ్మకు అర్థమయిందో లేదో నాకు తెలియదు. అయ్యే ఉంటుంది. ఒకసారి నిలబెడితే పని అనుకోవచ్చు. మరునాడూ, ఆ మరునాడూ అదే జరిగింది. అమ్మ ఎంత ముందుగా పోతే అంత ఎక్కువసేపు నిలబడాల్సి వచ్చేది. ఒక రోజు బోణీకి ఎవరూ రాక బస్సు పోయింది. ఆ రోజు ఆఫీసులో హెడ్డు గుమాస్తా అందరి ముందర అరిచాడని, ఆయన అరవడంలో తప్పు లేదని సాయంత్రం నాతో చెప్పింది. ఎందుకు ఆలస్యమైందో మాత్రం అక్కడ చెప్పలేదట. ఏమని చెబుతుంది?

ముందు రోజే కొనిపెట్టుకుందామంటే పాలు నిలవ ఉండవు, మా ఇంట్లో ఫ్రిజ్జు లేదు. బస్టాండు దగ్గర కొంటే మళ్లీ ఇంటికి వచ్చి నాకు ఇచ్చి పోవాలి. ఆ వీధికి ఆ అంగడే దిక్కు.

అంగడికి ఎదురుగా ఒక ముసలి సాయిబు బట్టలు కుట్టేవాడు. నేను దర్జీ తాత అనేదాన్ని. అమ్మ గోడ పక్కన నిలబడటం ఆయన కొన్నాళ్లు చూసినట్టున్నాడు. ఒక పొద్దున మిషను మీది గుడ్డ తీసి పక్కన పెట్టి, రోడ్డు దాటి వచ్చాడు.

"ఏమప్పా, నా బోణీ తీస్కో. ఒక అగ్గిపెట్టె ఇయ్యి, ఇస్త్రీ పెట్టెకు బొగ్గులు ముట్టియ్యల్ల."

అంగడాయన డబ్బు కళ్లకద్దుకున్నాడు. దర్జీ తాత అమ్మ వైపు తిరిగి, "తీస్కో బేటీ, పో, నీ బస్సు పోతాది" అని మాత్రం అని వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి ఆయన తొందరగా లేచిన ప్రతి రోజూ అగ్గిపెట్టె కొన్నాడు. రంజాను నెలంతా అమ్మకు బస్సు తప్పలేదు, ఎందుకంటే ఆయన తెల్లవారుజాము నమాజు చేసుకుని అటే వచ్చేవాడు. అయినా అమ్మకు అది మింగుడుపడలేదు. "ఆ పెద్దాయన ఇంట్లో ఎన్ని అగ్గిపెట్టెలు పడుండాయో ఏమో" అని ఒకసారి నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. దయ కూడా రోజూ తీసుకోవాలంటే బరువే.

పండగ వెళ్లాక నన్నే పంపడం మొదలుపెట్టింది. "నువ్వు పోయి తీసుకోని రా పాపా, నేను జడేసుకుంటా ఉంటాను" అనేది. నన్ను ఆయన నిలబెట్టలేదు. పలకలు తీయడం పూర్తికాక ముందే "రా తల్లీ, రా" అని పిలిచి, నేనిచ్చిన డబ్బు కళ్లకద్దుకునేవాడు. కొన్నాళ్లకు అంగట్లో ఎవరితోనో అంటుంటే విన్నాను: "ఈ పాప సేయి మంచిదబ్బా. ఇది బోణీ సేసిన దినం మద్యానానికే మూటలు కాళీ అయితాండాయి." ఆ మాట అమ్మకు వచ్చి చెప్పాను. అమ్మ నా కుడిచేయి తీసుకుని చూసింది, ఏదో అంటుకుందేమోనని చూసినట్టు.

ఆ చలికాలం నాకు జ్వరమొచ్చింది. పాలు వద్దు, గంజి తాగించమన్నాడు డాక్టరు. అమ్మ ఆఫీసుకు సెలవు చెప్పి పంపి పొయ్యి దగ్గర ఉంది. పొద్దున్నే తలుపు కొట్టిన చప్పుడైంది. చూస్తే అంగడాయన. మా ఇంటికి ఆయన రావడం అదే మొదలు. నాన్న పోయినప్పుడు మదనపల్లెకు వచ్చి కూడా వీధిలోనే నిలబడి పలకరించి పోయాడు.

"పాప రాలేదే ఈ పొద్దు?"

"జొరమన్నా. పడుకోనుండాది."

"అయ్యో, అట్లనా." ఆయన పోలేదు. గుమ్మం పట్టుకుని కాసేపు నిలబడి, "ఒక్క నిమసం పంపిస్తివంటే, నేనే ఎత్తుకోని పోయి మళ్లా ఎత్తుకోనొచ్చి పండబెడతా. దాని సేత్తో ఏదో ఒకటి తీస్కుంటే సాలు. అంగిడి తెరిసి అట్లే పెట్టొచ్చినాను తల్లీ" అన్నాడు.

నేను దుప్పటి కింద నుంచి చూస్తున్నాను. అమ్మ గరిటె కింద పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది.

"నేనొస్తానన్నా. నా సేత్తో ఇస్తాను. తీస్కుంటావా?"

ఆయన వీధి వైపు చూశాడు. "నిన్ను ఎవురేమన్నారమ్మా ఇప్పుడు? నేను పాపనడిగితి."

"ఆ పాప సేయి యాడ పెరిగిందన్నా? నా కడుపులోనే గదా."

అమ్మ గొంతు పెంచలేదు. ఆయన "శాస్త్రం నేను పెట్టినానా తల్లీ?" అని గొణుక్కుంటూ మెట్లు దిగాడు. అమ్మ గంజి గిన్నెలోకి వంచుతుంటే సగం కింద పోయింది. దాన్ని తుడిచి, నా తల ఒళ్లో పెట్టుకుని తాగించింది. "ఇంక నువ్వు ఆ అంగిడికి పోవద్దు" అంది.

పోలేదు. సరుకులు అమ్మ మదనపల్లెలోనే కొని, సాయంత్రం బస్సులో కాళ్ల దగ్గర సంచి పెట్టుకుని తెచ్చేది. పొద్దున పాలు లేని డికాషన్ తాగాం. అది అలవాటయింది. నాకు అలవాటు కానిది ఇంకొకటుంది. బస్సుకు పోయేటప్పుడు అమ్మ ఆ అంగడి దగ్గరికి రాగానే రోడ్డు దాటి అవతలి పక్కన నడిచేది. తల అటు తిప్పుకునేది. కోపం కొద్దీ అలా పోతోందనుకున్నాను. పెద్దయ్యాక ఒకసారి అడిగితే, "పాపం, పొద్దున్నే నా మొకం సూసి దినమంతా మనసులో పెట్టుకుంటాడు, యాల లే అని" అంది. ఆ జవాబు విన్నాక నాకు ఆయన మీదకంటే అమ్మ మీద ఎక్కువ కోపం వచ్చింది.

నేను మదనపల్లెలో డిగ్రీ చదివే రోజుల్లో అంగడాయన గుండెపోటుతో పోయాడు. అప్పటికి దర్జీ తాతా లేడు. అంగడాయనకు ఇద్దరూ ఆడపిల్లలే, ఇద్దరికీ పెళ్లిళ్లయ్యాయి. దినాలు ముగిశాక ఆయన భార్య అంగడి తెరిచింది. అంతకు ముందు ఆమె అంగట్లోకి రావడం మేము చూసిందే తక్కువ. వెనక ఇంట్లో వంట చేసుకుంటూ, అన్నానికి ఆయన్ని పిలవడానికి మాత్రం తెర తీసి తొంగిచూసేది.

అమ్మ, నేను ఒకే బస్సులో పోయేవాళ్లం. పోయేటప్పుడు చూసేదాన్ని. పలకలు తీసి ఉండేవి. ఊదుబత్తి పొగ, గడప దగ్గర పాల ట్రే, గల్లా ముందు ఆమె. కొనేవాళ్లు ఉండేవాళ్లు కాదు. పొద్దెక్కాక వచ్చేవాళ్లట. పొద్దున పూట మాత్రం అందరూ పక్క వీధిలో కొత్తగా పెట్టిన అంగడికి పోతున్నారు. ఎందుకని ఎవరూ చెప్పుకోలేదు. అందరికీ తెలుసు.

ఒకరోజు బయలుదేరే ముందు అమ్మ పెద్ద సంచి తీసింది. "ఈ పొద్దు మన ఈది అంగిడికి పోదాం."

"ఆ అంగిడికా? నీకు బుద్ధుండాదామ్మా?" అన్నాను.

"ఆయమ్మ ఏం సేసింది? లోపల వండుకుంటా ఉన్నింది. పొద్దున్నే తెరుసుకోని ఎవురూ రాకపోతే ఎట్లుంటాదో నాకు తెలుసు గదా. బోణీ నేను సేస్తాను. అది మంచి బోణీగా ఉండల్ల." టెంకాయ, నూనె, బ్యాళ్లు, చక్కెర అని వేళ్ల మీద అనుకుంది. ఇంట్లో అవన్నీ ఉన్నాయి.

నేను విసుక్కుంటూనే వెంట పోయాను. అన్నేళ్ల తర్వాత అమ్మ ఆ అంగడి ఎదురుగా నిలబడింది. ఆమె గల్లా వెనక నుంచి చూసి లేచింది. నుదురు బోసిగా ఉంది. చేతులు ఖాళీగా ఉన్నాయి.

"వదినా, సరుకులు కావల్ల" అంది అమ్మ నవ్వుతూ.

ఆమె అమ్మను చూసింది, సంచిని చూసింది, వీధి ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది. "కొంచేపు కూసో తల్లీ" అంది.

"బస్సుకు పోవల్ల వదినా."

"తెలుసులేమ్మా. ఎవురో ఒకరు వస్తారు. వచ్చిన ఎంటనే ఇచ్చేస్తా." ఆమె తక్కెడ మీద చేయి పెట్టింది. "ఆయన పెట్టిన అంగిడిమ్మా ఇది. అప్పుడే యాపారం పడిపాయ. అల్లుండ్లు మూసెయ్యమంటాండారు. ఏమన్నా అయితే నా రాతే అంటారు. నాకు నమ్మకముండి కాదు తల్లీ. నువ్వు తప్పుగా అనుకోవద్దు."

"రామ్మా పోదాం" అన్నాను. అమ్మ కదల్లేదు. మెట్టు మీద కూర్చుంది. ఆమె గల్లా వెనక కూర్చుంది. ఇద్దరూ వీధి వైపే చూస్తున్నారు. వీధి మలుపులో ఒకాయన సంచి పట్టుకుని వస్తూ కనబడ్డాడు. ఆమె లేచి నిలబడింది. ఆయన అంగట్లో ఆమెను, మెట్టు మీద మా అమ్మను చూశాడు. ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, పక్క సందులోకి తిరిగిపోయాడు. వాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

కాసేపటికి ఆమె వంగి ట్రేలోంచి పాల ప్యాకెట్టు తీసి అమ్మ చేతిలో పెట్టింది. "ఇది తీస్కోని పో తల్లీ. దుడ్లు ఇప్పుడొద్దు, సాయంత్రం ఇద్దువు."

సరుకు ఇవ్వగలదు. మొదటి డబ్బు మాత్రం ఆ చేతి నుంచి తీసుకోలేదు. అది అమ్మకు నాకంటే ముందే అర్థమయింది. ప్యాకెట్టును కొంగుతో తుడిచి, ట్రేలో ఉన్నచోటే పెట్టింది. "వద్దొదినా. నువ్వు బాధపడొద్దు" అని ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుంది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు బయటికి చూసింది. నేను లోపల ఉడికిపోతున్నాను. బస్సు సగం దారి దాటాక ఇటు తిరిగి, "ఆయమ్మ మొకం సూసినావా? నన్ను సూసి ఎంత బయపడిపాయనో" అంది. బస్సులో ఏడిస్తే బాగుండదని ఆపుకుంది. నేను ఆపుకోలేకపోయాను.

వాళ్లిద్దరూ కష్టసుఖాలు చెప్పుకునే స్నేహితులయ్యారని రాయాలని ఉంటుంది. కాలేదు. ఏడాది తిరక్కుండానే ఆమె అంగడి మూసేసి చిన్న కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. ఆ గదిలో సెల్‌ఫోన్ల రీచార్జి కొట్టు వచ్చింది. పోయేముందు ఆమె మా ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మం బయటే నిలబడి కొంచెం చింతపండు ఇచ్చి, "మిగిలిపాయ, పారెయ్యడం యాల" అంది. అమ్మ తీసుకుంది. అంతే.

నాకు కుప్పం దగ్గర టీచరు ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది. నా కాన్పుకు అమ్మ సెలవు పెట్టి కుప్పం వచ్చింది. మేముండే మేడకు ఎదురుగా చిన్న సూపర్ మార్కెట్ ఉండేది. అద్దాల తలుపు, ఎవరికి కావలసింది వాళ్లే తీసుకునే బుట్టలు. పాపతో ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన మొదటి రోజే రవ్వ తెస్తానని పోయిన అమ్మ ఎంతకీ రాలేదు. పాపను భుజాన వేసుకుని కిటికీలోంచి చూశాను. పక్క కొట్టు రేకుల కింద నిలబడి ఉంది. ఇంకెవరో అద్దాల తలుపు తోసుకుని లోపలికి పోయాక అప్పుడు కదిలింది. ఆ తర్వాత రోజుల్లోనూ అంతే.

నడవడానికి ఓపిక వచ్చాక ఒక పొద్దున పాపను మా ఆయనకు అప్పగించి నేనూ వెంట వెళ్లాను. అమ్మ మామూలుగానే రేకుల కింద ఆగింది.

"లోపలికి రామ్మా."

"ఎవురన్నా ఒకరు పోనీలే."

"ఈడ అట్లాంటివేం లేవమ్మా. మిషనే బిల్లు కొడతాది."

"మిషను ముందర మనిషే గదా కూసోనుండేది."

చేయి పట్టుకుని లాక్కుపోయాను. లోపల మేమే మొదలు. గోధుమపిండి, పాలు తీసుకుని వస్తే, గల్లా దగ్గర అమ్మాయి తలెత్తకుండా బిల్లు కొట్టింది. అమ్మ చేతిలో నోటు చూడగానే విరుచుకుపడింది.

"ఇంత పెద్ద నోటిస్తే ఎట్లమ్మా? ఇప్పుడే గదా తెరిసింది, సిల్లర యాడ్నించి తెచ్చేది?"

అమ్మ నోటు పట్టుకున్న చేయి వెనక్కి తీసుకుంది. నేను ఏదో అనబోతే నా మోచేయి గిల్లింది. ఆ అమ్మాయి గొణుగుతూనే అమ్మ చేతిలోంచి నోటు లాక్కుని, తన సొంత పర్సు వెతికి చిల్లర తీసి గల్లా బల్ల మీద గిరాటేసింది. కవరు మా ముందుకు తోసింది. "తరువాత ఎవురు? రాండి" అంది, వెనక వచ్చి నిలబడినవాళ్లతో.

బయటికి వచ్చాక అమ్మ మెల్లగా అడిగింది. "ఆ పాప అందుర్నీ అట్లనే అంటాదా?"

"అందుర్నీ అంతే. వట్టి పొగరుమోతుది. మొన్న మీ అల్లున్ని కూడా అనింది."

అమ్మ రోడ్డు మధ్యలో ఆగి నవ్వింది. పైకి వినబడేలా నవ్వింది. "పోనీలే. అందుర్నీ గదా" అని పాల కవరు ఊపుకుంటూ నాకంటే ముందు నడిచింది. ఒక దురుసు మాట మనిషికి అంత ఊరట ఇవ్వడం నేను అంతకు ముందు చూడలేదు. నాకు నవ్వు రాలేదు.

మరునాడు మళ్లీ కిటికీ దగ్గర నిలబడ్డాను. అమ్మ రేకుల కింద కాసేపు నిలబడింది. అటూ ఇటూ చూసింది. ఎవరూ రాలేదు. ఇంకాసేపు చూసి, కొంగు సర్దుకుని, తలుపు తోసుకుని లోపలికి పోయింది.